స్విచ్ 2, పీఎస్5, ఎక్స్‌బాక్స్, స్టీమ్ మెషీన్: ఏది నిలబడుతుంది, ఏది మూలపడుతుంది?

పెన్నాఒడ్డు:
నా లెక్క ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టుకోండి. ఇప్పుడున్న గేమ్ కన్సోళ్లలో, అంటే గేములు ఆడే పెట్టెల్లో, గెలిచేది నింటెండో స్విచ్ 2. పెట్టెగా మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ పని అయిపోయినట్టే. పీసీ గేములు అమ్మే స్టీమ్ స్టోర్ వాళ్ల స్టీమ్ మెషీన్‌కు యూట్యూబ్‌లో పేరొస్తుంది, అమ్మకాలు రావు. సోనీ పీఎస్5 ఎటూ 8 కోట్లు దాటింది కాబట్టి దాని గురించి కొట్లాట అక్కర్లేదు.
స్విచ్ 2 వచ్చింది 2025 జూన్ 5న. మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. సెప్టెంబరు ఆఖరుకు కోటి దాటింది. 2017లో వచ్చిన పాత స్విచ్ 15 కోట్లు దాటింది. వాళ్లలో సగం మంది కొత్తదానికి మారినా చాలు. కాదనేవాళ్లు అంకెలతో రండి.

గూడూరు జంక్షన్:
ఫోన్లో బీజీఎంఐ ఉండగా ఇవన్నీ ఏంటికి సామీ.

ఒంగోలు పార్లర్:
తమ్ముడూ, కోటి అమ్మారు, సంతోషం. అందులో ఒంగోల్లో ఎన్ని, నెల్లూరులో ఎన్ని? నింటెండో వాడు ఇండియాలో అధికారికంగా అమ్మడమే లేదు. గేములు అమ్మే వాడి ఆన్‌లైన్ కొట్టు ఈషాప్ మన దేశానికి లేదు. కావాలంటే చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి, షాపువాడు నోటికొచ్చింది చెబితే ఇచ్చి, బిల్లు అడక్కుండా తెచ్చుకోవాల. చెడిపోతే మళ్లీ పినాకిని ఎక్కాల. దాన్ని గెలుపు అంటే నేను ఒప్పుకోను.
ఇంకోటి. ఆ గేమ్-కీ కార్డులు. డబ్బులు పోసి కార్డు కొంటే అందులో గేమ్ ఉండదంట, తాళంచెవి మాత్రమే ఉంటదంట. గేమ్ నెట్‌లో దించుకోవాలంట. ఇదేం వ్యాపారం?

పెన్నాఒడ్డు:
అన్నా, అన్ని గేములూ అట్లా కాదు. సైబర్‌పంక్ 2077 గేమ్ మొత్తం 64 జీబీ కార్డులోనే ఇచ్చారు. నింటెండో సొంత గేములు కూడా కార్డులోనే వస్తున్నాయి. పైగా కీ కార్డును వాడుకుని ఇంకొకరికి అమ్ముకోవచ్చు, ఒక అకౌంట్‌కే కట్టేసింది కాదు. మీరు సగం విని మాట్లాడుతున్నారు.

ఒంగోలు పార్లర్:
అమ్ముకోవచ్చు సరే. కొన్నవాడు మళ్లీ దించుకోవాలా వద్దా?

పెన్నాఒడ్డు:
దించుకోవాలి. ఒక్కసారి.

ఒంగోలు పార్లర్:
అదే నేను చెప్పేది. కార్డులో గేమ్ లేదు.

చీమకుర్తి రాయి:
కార్డు సంగతి పక్కన పెట్టండి. మొదటి వారం అమ్మకాలు చూసి జోస్యం చెప్పేవాళ్లు సెగా డ్రీమ్‌కాస్ట్‌ను గుర్తుపెట్టుకోవాలి. 1999 సెప్టెంబరులో అమెరికాలో ఒక్కరోజే రెండు లక్షల పైచిలుకు అమ్మారు. 2001 మార్చికల్లా తయారీ ఆపేశారు. పెట్టె బాగలేక కాదు. అంతకుముందు కన్సోల్ దెబ్బకు సెగా దగ్గర డబ్బుల్లేవు, పెద్ద గేమ్ కంపెనీ ఈఏ వాళ్లు దానికి ఒక్క గేమ్ చెయ్యలేదు, ఎదురుగా పీఎస్2 డీవీడీ ప్లేయర్‌గా కూడా పనికొస్తుందని దిగింది. మన ఇళ్లలో కూడా పీఎస్2 కొన్నవాళ్లు చాలామంది ‘సినిమాలు కూడా చూడొచ్చు నాన్నా’ అనే కదా కొనిపించింది.
ఇక నింటెండో వాళ్లనే తీసుకోండి. వాళ్ల పాత కన్సోల్ ‘వీ’ పది కోట్లు దాటింది. దాని తర్వాత 2012లో వచ్చిన ‘వీ యూ’ కోటీ ముప్పై అయిదు లక్షల దగ్గర ఆగిపోయింది. ‘వీ’ కొన్నవాళ్లు దీనికి మారలేదు. అది కొత్త కన్సోల్ అని కూడా చాలామందికి తెలియలేదు, పాతదానికి పెట్టుకునే టాబ్లెట్ అనుకున్నారు. కాబట్టి ‘సగం మంది మారితే చాలు’ అనే లెక్క నమ్మకండి.

పెన్నాఒడ్డు:
అందుకే ఈసారి పేరులోనే 2 పెట్టారు. పాత గేములు కూడా దాదాపు అన్నీ ఆడతాయి. డ్రీమ్‌కాస్ట్‌తో పోలికేంటి? నింటెండో దగ్గర డబ్బు గుట్టలుగా ఉంది. మీ అవతారం పక్కన ఎక్స్‌బాక్స్ బొమ్మ ఉంది కాబట్టి అడుగుతున్నా: మైక్రోసాఫ్ట్ సొంత గేమ్ ఫోర్జా హొరైజన్ 5ను 2025లో పీఎస్5లో విడుదల చేశారు. హేలో కూడా ప్లేస్టేషన్‌కు వస్తుందని వాళ్లే ప్రకటించారు. సొంత సరుకు ఎదుటివాడి షాపులో పెట్టాక మీ షాపుకు ఎవరొస్తారు?

చీమకుర్తి రాయి:
షాపు కాకపోతే సరుకు అమ్ముకుంటారు. మైక్రోసాఫ్ట్‌కు పెట్టె ముఖ్యం కాదు, నెలనెలా కట్టి గేములు ఆడే గేమ్‌పాస్ ముఖ్యం.

పెన్నాఒడ్డు:
ఆ గేమ్‌పాస్ అల్టిమేట్‌నే 2025 అక్టోబరులో అమెరికాలో నెలకు 20 డాలర్ల నుంచి 30 చేశారు. ఒక్కసారిగా సగం పెంచితే ఎవరుంటారు?

చీమకుర్తి రాయి:
నేను ఉన్నా.

వేదాయపాళెం వాసి:
స్టీమ్ మెషీన్‌ను ఒక్క ముక్కలో తీసేశారు కాబట్టి వచ్చా. 2015లో వచ్చిన స్టీమ్ మెషీన్లు పోయిన మాట నిజం. అప్పుడు తలా ఒక కంపెనీ తలా ఒక రేటుకు చేసింది, వాటిలో విండోస్ బదులు ఉండే లైనక్స్‌లో ఆడే గేములు తక్కువ. 2018లో ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక విండోస్ గేములు లైనక్స్‌లో ఆడటం మొదలైంది. 2022లో చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ దాన్ని నిరూపించింది. 2025 నవంబరులో ప్రకటించిన కొత్త మెషీన్ స్టీమ్ ఓనరు వాల్వ్ సొంతంగా చేసింది. ఆన్‌లైన్ ఆడటానికి నెలనెలా కట్టక్కర్లేదు. స్టీమ్‌లో కొన్న మీ పాత పీసీ గేములన్నీ మీవే.

ఒంగోలు పార్లర్:
స్టీమ్ డెక్ ఇండియాలో అమ్మారా?

వేదాయపాళెం వాసి:
అధికారికంగా లేదు.

ఒంగోలు పార్లర్:
మరింకేంది.

వేదాయపాళెం వాసి:
ఎన్నిసార్లు అదే ప్రశ్న అన్నా. వాలరెంట్ లాంటి ఆన్‌లైన్ గేములు దాంట్లో ఆడవు అని అడిగి ఉంటే తల దించుకునేవాణ్ణి. అది అసలైన లోపం. మీరు మాత్రం షాపు ఎక్కడుంది అనే అడుగుతారు.

సింగరాయకొండ అమ్మ:
మా అబ్బాయి సెకండ్ ఇంటర్ పరీక్షలు రాశాక కొనిస్తానని మాట ఇచ్చాను. 50 వేల లోపు ఏది మంచిది బాబూ? ఐదేళ్ల కింద వచ్చిన వస్తువు రేటు ఇప్పటికి తగ్గి ఉండాలి కదా, షాపులో అడిగితే పెరిగింది అంటున్నారు. నిజమేనా?

ఒంగోలు పార్లర్:
నిజమేనమ్మా. పీఎస్5 మన దగ్గర 2021 ఫిబ్రవరి 2న దిగినప్పుడు డిస్కు పెట్టేది 49,990. 2022లో 54,990 చేశారు. డిస్కు లేనిది అప్పుడే 39,990 నుంచి 44,990కి పోయింది. పూర్వం కన్సోల్ పాతపడే కొద్దీ రేటు దిగేది. ఇప్పుడు అమెరికాలోనే ఎక్స్‌బాక్స్ రేటు 2025లో రెండుసార్లు పెంచారు, ఆగస్టులో పీఎస్5ను కూడా 50 డాలర్లు పెంచారు. చిప్పులు, సుంకాలు అంటారు. మీరు తక్కువని డిస్కు లేనిదే తీసుకోబోతారు, తీసుకోవద్దు. డిస్కు లేనిదాంట్లో ప్రతి గేమూ వాళ్ల స్టోర్‌లో వాళ్లు చెప్పిన రేటుకే కొనాల. డిస్కు ఉంటే పాతవి సగం ధరకు దొరుకుతాయి, ఆడి మళ్లీ అమ్ముకోవచ్చు. ఏడాదిలోనే ఆ తేడా డబ్బు తిరిగొస్తుంది. పరీక్షలయ్యాక ఒకసారి మా గేమ్ పార్లర్‌కు పంపండి, ఆడి చూసి చెబుతాడు.

పెన్నాఒడ్డు:
అమ్మా, స్టోర్‌లో కూడా సేల్ ఉంటుంది, అందులో డిస్కుకన్నా తక్కువకే వస్తాయి. డిస్కు ఉన్నదే కొనాలనేది పాతకాలం మాట. పీఎస్5 ప్రో 2024 నవంబరులో డిస్కు డ్రైవ్ లేకుండానే 700 డాలర్లకు వచ్చింది. పీఎస్5 స్లిమ్‌కు విడిగా తగిలించే డ్రైవ్‌ను కూడా మొదటిసారి నెట్‌కు కలిపితేనే పని చేస్తుంది. డిస్కును సోనీనే మెల్లగా సాగనంపుతోంది.

ఒంగోలు పార్లర్:
ఆ ప్రో విడుదల రోజున ఏయే దేశాలకిచ్చారో చూడు. మన దేశం లేదు. అందులో వాడే వైఫై బ్యాండ్‌కు అప్పటికి ఇక్కడ అనుమతి లేదన్నారు. విడుదల రోజున ఇక్కడికి రానిదాన్ని చూపించి ఇక్కడి డిస్కు పోతుందంటే ఎట్లా? సోనీ వాడు పీఎస్2 రోజుల్లో కబడ్డీ, గిల్లీదండా పెట్టి గేమ్ చేయించాడు. 2009లో హైదరాబాదులో హనుమంతుడి మీద గేమ్ చేయించాడు. ఆడటానికి ఎట్లా ఉన్నా, మనల్ని ఒక లెక్కలో పెట్టుకున్నాడు. నేను గెలుస్తుందనేది అట్లాంటివాణ్ణి.

పెన్నాఒడ్డు:
అన్నా, ఒక మాట. కోపం తెచ్చుకోవద్దు. మొదటి నుంచి మీరు మాట్లాడుతోంది కన్సోల్ గురించి కాదు, మీ వ్యాపారం గురించి. సొంతానికి, ఇంట్లో వాడుకోవడానికే అని కంపెనీ లైసెన్సులోనే ఉంటుంది. గంటకింతని వసూలు చేసేవాళ్ల కోసం ఏ కంపెనీ పెట్టె చెయ్యదు. డిస్కు పోతే పార్లర్ పోతుంది, అందుకే డిస్కు కావాలంటున్నారు. ఆ అమ్మకు కూడా అదే అంటగడుతున్నారు.

గూడూరు జంక్షన్:
అయిపోయింది. టవల్ తీసుకురండి.

ఒంగోలు పార్లర్:
అంటే నేను దొంగనా? చెప్పు తమ్ముడూ, నేరుగా చెప్పు.
యాభై వేల పైన పెట్టి ఆట సామాను కొనే ఇళ్లు మా వీధిలో ఎన్ని? మిగతా పిల్లలు ఎక్కడ ఆడాల? నా దగ్గర ఆటో తోలే ఆయన కొడుకూ, డాక్టరు గారి కొడుకూ ఒకే సోఫాలో కూర్చుని ఎఫ్‌సీ ఫుట్‌బాల్ గేమ్ ఆడతారు. ఓడినోడు లేస్తాడు, గెలిచినోడు ఉంటాడు, ఎవడి కొడుకని అడగను. కంట్రోలర్ ఎడమ స్టిక్ రబ్బరు అరిగి, కింద తెల్లపొడి రాలి, ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మ పక్కకు నడుస్తుంటే రాత్రి షట్టరు దించి నేనే విప్పి తుడుస్తా. కొత్తది కొనాలంటే ఆరు వేల దాకా కావాల. ఎండాకాలంలో కరెంటు పోతే ఇన్వర్టర్, అది చాలకపోతే డబ్బులు వెనక్కి. ఒకసారి ఒక కంపెనీ సర్వీసు వాళ్లకు వారంటీ లోపల పెట్టె పంపిస్తే, దుమ్ము ఉంది, వాణిజ్యపరంగా వాడారు అని తిప్పి పంపారు. నెల్లూరు, ఒంగోల్లో దుమ్ము లేని ఇల్లు ఎక్కడుందో వాళ్లే చూపించాల. కొరియర్ ఖర్చు కూడా నాదే.
నువ్వు చదువుకునే రోజుల్లో ఎక్కడ ఆడావు? మీ ఇంట్లో కన్సోల్ ఉండిందా?

పెన్నాఒడ్డు:
లేదు. పార్లర్‌లోనే ఆడా. అందుకే చెబుతున్నా.
నెల్లూరులో ఇంటర్, హాస్టల్. ఆదివారం మధ్యాహ్నం మాత్రమే బయటికి వదిలేవాళ్లు. ఏ పార్లరో చెప్పను. ఫైనల్‌లో 1-1 మీద పెనాల్టీలకు పోయాం, నా చివరి కిక్ ఉంది. గంటైపోయిందని ఓనరు వచ్చి టీవీ ఆపేశాడు. ఇంకో రెండు నిమిషాలన్నా అని బతిమాలినా వినలా. జేబులో బస్సు చార్జీ తప్ప లేదు. ఎదురుగా ఉన్నవాడు డబ్బున్నోడు, వాడు ఇంకో గంట కొన్నాడు, ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకుని ఆడాడు. మీ సోఫా సమానత్వం నేను చూశానన్నా. ఇప్పుడు నాది నాకుంది. నా గేమ్, నా అకౌంట్, నా ఇల్లు. ఎవడూ వచ్చి ఆపడు.

ఒంగోలు పార్లర్:
గంటంటే గంటే. బయట పదిమంది నిలబడి ఉంటారు. నువ్వు వెయ్యాల్సింది ఒక్క కిక్, నాకు అట్లాంటివాళ్లు రోజుకు ఎంతమంది.

చీమకుర్తి రాయి:
ఎవడూ ఆపడని ఎవరు చెప్పారు? నెట్ ద్వారా గేములు ఆడించే గూగుల్ స్టేడియాను 2023 జనవరి 18న మూసేశారు. డబ్బులు తిరిగిచ్చారు కాబట్టి గొడవ లేకుండా పోయింది. యూబీసాఫ్ట్ ‘ద క్రూ’ గేమ్ సర్వర్లు 2024 మార్చి 31న ఆపేస్తే, డిస్కు కొన్నవాళ్లకు కూడా ఏమీ మిగల్లేదు. మీ నింటెండో కూడా పాత కన్సోళ్లు 3డీఎస్, ‘వీ యూ’ల ఈషాపులను 2023 మార్చిలో మూసింది. పార్లర్ ఓనరు గంటకు ఆపాడు, వీళ్లు పదేళ్లకు ఆపుతారు. తేడా అంతే.

పెన్నాఒడ్డు:
ఈషాపులో కొత్తగా కొనడం ఆగింది, అంతకుముందు కొన్నవి మళ్లీ దించుకోవచ్చు. సగం చెప్పకండి.

చీమకుర్తి రాయి:
ఎన్నాళ్లు దించుకోనిస్తారు?

పెన్నాఒడ్డు:
ఇప్పటికైతే ఇస్తున్నారు.

ఒంగోలు పార్లర్:
నా దగ్గర పాత టీవీ గేమ్ క్యాసెట్టు ఉంది. కాంట్రా. ఊదకుండానే లోడవుద్ది. దాన్ని ఎవడాపుతాడో రమ్మను.

వేదాయపాళెం వాసి:
అది నకిలీ క్యాసెట్టు అన్నా, ఆ గేమ్ చేసిన కొనామీకి ఒక్క రూపాయి పోలేదు. లైసెన్సు గురించి ఇందాకటి చర్చ మళ్లీ మొదలుపెట్టమంటారా?

ఒంగోలు పార్లర్:
వద్దు.

సింగరాయకొండ అమ్మ:
నేను అడిగింది మా వాడికి కొనేదాని గురించి. మీరు మీ గొడవల్లో పడ్డారు. వాణ్ణే అడిగాను. 2026 నవంబరు 19న జీటీఏ 6 వస్తుందంట, కంపెనీ ప్రకటించిందంట, అప్పటిదాకా ఏదీ వద్దన్నాడు. అది స్విచ్ 2కు ప్రకటించలేదు, పీఎస్5కు, ఎక్స్‌బాక్స్‌కే అంట. అప్పటికి ఫలితాలూ వచ్చి ఉంటాయి, మార్కులు చూసి నేనే నిర్ణయించుకుంటా.

పెన్నాఒడ్డు:
జీటీఏ 6 ఒక్కదాన్ని చూసి గెలుపోటములు తేల్చలేమండీ. నింటెండో కొనేవాళ్లు మారియో కోసం కొంటారు.

చీమకుర్తి రాయి:
ఆ మారియో కార్ట్ ధర 80 డాలర్లు.

గూడూరు జంక్షన్:
పార్లర్ అన్నా, ఈ గొడవ సరే, నీ దగ్గర పాత పీఎస్4 అమ్మేది ఉందా?

ఒంగోలు పార్లర్:
ఉంది. రెండు కంట్రోలర్లతో 14 వేలు. డిస్కులు వేరే.

గూడూరు జంక్షన్:
11.

ఒంగోలు పార్లర్:
13. ఎఫ్‌సీ డిస్కు, డబ్ల్యూడబ్ల్యూఈ డిస్కు ఊరికే ఇస్తా. పెన్నాఒడ్డు తమ్ముడు కొంటానంటే మాత్రం 14కు పైసా తగ్గను, డిస్కులు కూడా ఇయ్యను.

పెన్నాఒడ్డు:
నాకెందుకన్నా. స్టిక్ మార్చారా లేదా అది చెప్పండి ముందు.