అప్‌డేట్: నాన్న డయాలసిస్ సంగతి

నాన్నకు వారానికి మూడుసార్లు ప్రైవేటులో డయాలసిస్ చేయించే స్తోమత లేదు, ఆరోగ్యశ్రీ కింద దగ్గర్లో ఎక్కడ చేస్తారని అడిగాను కదా. మీరు చెప్పినట్టే 104కి ఫోన్ చేస్తే మా ఏరియా ఆసుపత్రిలోనే సెంటర్ ఉందన్నారు. అక్కడ ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆమె) రేషన్ కార్డు, ఆధార్, రిపోర్టులు చూసి, నాన్న ఫొటో తీసి అప్రూవల్‌కి పంపింది. మధ్యాహ్నం షిఫ్టులో బెడ్ దొరికింది, పైసా కట్టలేదు! నా టెన్షనంతా రక్తాన్ని శుభ్రం చేసే ఫిల్టర్ గురించే, ఒకరికి వాడిందే మళ్లీ పెడతారేమోనని, కానీ సిస్టర్ మా కళ్లముందే కొత్త ప్యాకెట్ చింపింది. హెపటైటిస్, హెచ్‌ఐవీ రిపోర్టులు మాత్రం తప్పకుండా పట్టుకెళ్లండి, అవి చూశాకే మెషిన్ ఎక్కిస్తారు. పాత ప్రైవేటు ఆసుపత్రివాళ్లు కాగితాలివ్వడానికి చాలా సతాయించారు, గట్టిగా అడిగి తీసుకోండి. ఫిస్టులా ఆపరేషన్‌కి (డయాలసిస్ సూదులు పెట్టడానికి చేతిలో రక్తనాళాలు కలిపేది) హైదరాబాద్ నిమ్స్‌కి వెళ్లమన్నారు. అక్కడ చేయించుకున్నవాళ్లుంటే ఓపీకి ఎన్నింటికి వెళ్తే మంచిదో చెప్పండి.