అప్‌డేట్: ‘ఏం గీయాలి?’ అని కూర్చునే మా బుడ్డోడు

మా ఐదేళ్లవాడు రంగుల పుస్తకంలో గీత దాటడు, తెల్ల కాగితమిస్తే ‘ఏం గీయాలి?’ అంటూ కూర్చుంటాడని, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. చేతికి సామాను ఇచ్చి, ఏం చేయాలో చెప్పకుండా పక్కకు తప్పుకోమన్న మీ సలహా బాగా పనిచేసింది.

సెలవులకి అమ్మమ్మగారి ఊరెళ్లాం. ముంజలు తినేశాక మిగిలిన తాటికాయలు రెండింటికి వాళ్ల తాతయ్య అడ్డంగా పుల్ల గుచ్చి బండి చేసి, తోయడానికి పంగలకర్ర ఇచ్చారు. మర్నాటికి వీడే దానికి అగ్గిపెట్టె కట్టి ఆర్టీసీ బస్సన్నాడు. కొబ్బరి ఈనెతో వైపర్ కూడా! (మండుటెండలో.)

‘ఏంటిది?’ అనకుండా ‘దీని గురించి చెప్పు’ అంటే కథ ఇక ఆగదు. ఇల్లంతా చెత్త, అత్తయ్యగారి సణుగుడు మామూలే. కాగితం జోలికి ఇంకా పోలేదు, నాకూ టెన్షన్ లేదు. వాడికివ్వడానికి హైదరాబాద్‌లో బంకమట్టి కుమ్మరివాళ్ల దగ్గర కాక ఇంకెక్కడైనా దొరుకుతుందా?