సమస్య: "దీపమున్న నావ దిక్కు తప్పె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. సముద్రం, రేవు, దీపస్తంభం దాటి పోకండి. దారి చూపే దీపమే దారి తప్పించిందంటే ఎలా సమర్థిస్తారో చూద్దాం.

తీరవాసి:

దొంగ లొడ్డుపైన దొడ్డ మంటలు పెట్ట
రేవు దీపమనుచు రేయి నమ్మి
రాళ్ళమీది కెక్కి రవ్వలై విరుగగా
దీపమున్న నావ దిక్కు తప్పె

నిర్వాహకుడు: యతులు, గణాలు బాగున్నాయి. కానీ మూడో పాదంలోనే నావ ముక్కలైతే నాలుగో పాదంలో దిక్కు తప్పేది ఏమిటండీ, చెక్కలా? "రాళ్ళవైపు మళ్ళె రవ్వల వెలుగులో" అంటే వరస కుదురుతుంది. ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన ఇలా దొంగ దీపాలు పెట్టేవారని కథలు బోలెడు, రుజువులు మాత్రం తక్కువ. పద్యానికి కథ చాలనుకోండి. మంటను దీపస్తంభం అనుకోవడంలో వింతేమీ లేదు. 19వ శతాబ్దం మొదట్లో కూడా కొన్నిచోట్ల స్తంభం మీద మండింది బొగ్గే. వెలుగును కట్టగా చేసి దూరం పంపే ఫ్రెనెల్ కటకం ఫ్రాన్స్‌లోని కోర్దువాన్ దీపస్తంభంలో వెలిగింది 1823లో.

గవ్వ: నాది కొంచెం సాంకేతికం.

ఎడమ కెరుపు మనకు, ఎరుపు వారికి కుడి
అచటివాడు వచ్చె నచటి రీతి
రేవు దారిలోన రివ్వున మళ్ళించె
దీపమున్న నావ దిక్కు తప్పె

రేవులోకి వచ్చేటప్పుడు మన దేశంలో ఎర్ర బోయా (దారి గుర్తుగా నీటి మీద తేలేది) ఎడమ పక్క, పచ్చది కుడి పక్క ఉంటాయి. అమెరికా ఖండాల్లో, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లో దీనికి తలకిందులు. 1980లో టోక్యోలో చాలా దేశాలవాళ్ళు కూర్చుని మాట్లాడి కూడా రెండు పద్ధతులనూ అలాగే ఉంచేశారు.

నిర్వాహకుడు: భలే విషయం పట్టారమ్మా. మొదటి పాదం వింటే చెవిలో మోగుతోంది. కాకపోతే "మనకు, ఎరుపు" దగ్గర సంధి విడగొట్టారు, ఉకారం మీద అది చెల్లదు. "ఎడమ కెరుపు మనది, యెరుపు వారికి కుడి" అనండి, యతీ చెడదు.

పాత సరంగు: పద్యం బాగుంది గానీ అంత తేలిగ్గా ఏ కెప్టెనూ పొరపడడమ్మా. చేతిలో చార్టు, అంటే సముద్రపటం, ఉంటుంది, పెద్ద ఓడైతే రేవు పైలట్ ఎక్కి దగ్గరుండి లోపలికి తెస్తాడు.

గవ్వ: సరే బాబాయ్, నా కెప్టెన్ ఆ రోజు నిద్రలో ఉన్నాడనుకోండి.

కొత్తమెరుపు: మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.

ఫోనులోన మ్యాపు చూసి పోవుచుండ
బ్యాటరీయె చచ్చె పాడు రేయి
మిగిలె టార్చి లైటు మిణుకు మనుచు నుండ
దీపమున్న నావ దిక్కు తప్పె

నిర్వాహకుడు: "పాడు రేయి" దగ్గర గట్టిగా నవ్వాను. మొదటి పాదమే చెడింది. ఐదో గణం "వుచుండ" జగణం, అది ఇంద్రగణాల్లో లేదు. "ఫో"కు "చూ" యతీ కాదు. "ఫోనులోని మ్యాపు పోవు దారిని జూప" అని మారిస్తే రెండూ తీరతాయి. మిగతా మూడు పాదాల మీద చెయ్యి వేయను.

పాత సరంగు: ఇక నాది.

లాంతరొకటి ముందు లక్షణముగ బెట్టి
కళ్ళు చెదర నొడ్డు కానడయ్యె
కొండమీది వెలుగు గుర్తింపలేక యా
దీపమున్న నావ దిక్కు తప్పె

ఇది కల్పన కాదు. విశాఖ నుంచి వేటకు పోయే బోటులో కుర్రాడిగా ఉన్నప్పుడు నేను చేసిన పనే. చీకటంటే భయం, లాంతరు తెచ్చి చుక్కాని ముందు పెట్టాను. ఇంకేముంది, డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ ఎటుందో కూడా తెలియలేదు. బోటు పెద్ద, తండేలు, నన్ను తిట్టి లాంతరు ఆర్పేశాడు. ఆర్పగానే కనపడలేదు సుమా, కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. అందుకే పెద్ద ఓడల్లోనూ రాత్రిపూట చుక్కాని గది చీకటిగా ఉంచుతారు, చార్టు దగ్గర మాత్రం మసక ఎర్ర దీపం. వెలుగు కనపడితే సరిపోదు, లెక్కపెట్టాలి. ఎన్ని సెకన్లకు ఎన్ని మెరుపులో ఆ లెక్కే లైట్‌హౌస్‌కు ఇంటి పేరు. కళ్ళు చెదిరినవాడు ఏం లెక్కపెడతాడు?

గవ్వ: బాబాయ్, మేమంతా "దీపమున్నా కూడా" అని చదివాం. మీరొక్కరే దీపం తెచ్చి నావలోనే పెట్టారు!

నిర్వాహకుడు: అదే ఈ పూరణలోని విరుపు. మూడో పాదం చివరి "యా"తో సమస్య అర్థమే మారిపోయింది, దీపమే తప్పు చేసింది. "కొం"కు "గు" యతి కూడా చక్కగా కుదిరింది. ఈ వారం పూరణ ఇదే. తీరవాసి గారూ, మీ సవరించిన పద్యం రెండోది.

తండేలు లాంతరు ఆర్పిన మాట వినగానే వచ్చే వారం పాదం దొరికింది, ఇదీ ఆటవెలదే: "దీపమార్పువాడె దిక్కు చూపె". "దీపం మార్పు" అని విరిచినా నాకు అభ్యంతరం లేదు.