విద్వేష నేరాలకు రాష్ట్రం వేరే చట్టం తేవాలా, ఉన్న సెక్షన్లు చాలవా?

ముసాయిదా:
విద్వేష ప్రసంగాలు, విద్వేష నేరాల నిరోధక బిల్లును కర్ణాటక ఉభయ సభలు 2025 డిసెంబరులో ఆమోదించాయి. ఏడాది నుంచి 7 ఏళ్ల దాకా జైలు, 50 వేల జరిమానా. తెలుగు రాష్ట్రాలకూ అలాంటి చట్టం కావాలా వద్దా అన్నదే ఇక్కడి చర్చ. కావాలనేది నా పక్షం.

కేంద్రం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పెట్టేసింది కదా అనేవాళ్లు ముందు 103(2) చదవండి. అయిదుగురు లేదా అంతకు మించి కూడబలుక్కుని జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, భాష, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణంతో హత్య చేస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం. పైనున్న 103(1)లో మామూలు హత్యకు ఏముంది? మరణశిక్ష లేదా యావజ్జీవమే. తీవ్రగాయానికి 117(2)లో 7 ఏళ్లు, మూక చేస్తే 117(4)లోనూ 7 ఏళ్లే. పేరు కొత్తది, శిక్ష పాతదే.

పైగా నలుగురు కొడితే ఈ సెక్షన్ వర్తించదు, ఒక్కడే పొడిచినా వర్తించదు. ఆ జాబితాలో మతం అన్న మాట పేరు పెట్టి లేదు. వర్గాల మధ్య విద్వేషం రెచ్చగొట్టడం గురించిన 196లో మతాన్ని స్పష్టంగా రాసి ఇక్కడ వదిలేశారంటే కావాలనే వదిలేశారని డిఫెన్సు లాయరు వాదిస్తాడు. 'అలాంటి మరే కారణమైనా' అన్న తోకలోకి మతాన్ని లాక్కురావాల్సిన పని ప్రాసిక్యూషన్‌ది. వైకల్యం, లైంగికత సంగతి సరేసరి.

వాయిదా_మళ్లీ:
చిన్న సవరణ. 117(2) బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా వస్తుంది; 117(4) నాన్ బెయిలబుల్. మిగతాది ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది మీరు చెప్పే మందు, కొత్త చట్టం. మన దగ్గర విద్వేష నేరాల చట్టం 1989 నుంచీ ఉంది, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 1985లో కారంచేడులో దళితుల హత్యలు జరిగాక వచ్చింది. శిక్ష తక్కువై అది ఓడిపోయిన కేసులు పెద్దగా కనపడవు. ఓడిపోయింది ఒక్క మాట దగ్గర.

పాత 3(2)(v) ప్రకారం పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరం చేసినవాడు, బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ 'అన్న కారణంగా' చేశాడని రుజువైతే యావజ్జీవం. పటాన్ జమాల్ వలీ కేసు మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. బాధితురాలు పుట్టుకతో చూపు లేని ఎస్సీ యువతి. 2021 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. అత్యాచారానికి యావజ్జీవం నిలిచింది, 3(2)(v) కింద శిక్ష కొట్టేశారు. కులం కారణంగానే చేశాడని విడిగా సాక్ష్యం లేదన్నారు. కులం, వైకల్యం, ఆడపిల్ల కావడం మూడూ కలిసి వచ్చిన చోట ఒక్కదాన్నే విడదీసి చూపించమనడం ఎంత కష్టమో ఆ తీర్పే వివరంగా రాసింది. అయినా చట్టంలో మాట చట్టంలో మాటే.

2015 సవరణ 'అన్న కారణంగా' తీసేసి 'అని తెలిసి' అని పెట్టింది. 2016 జనవరి 26 నుంచి అమలు. నిందితుడికి బాధితుడు గానీ ఆ కుటుంబం గానీ స్వయంగా పరిచయమైతే కులం తెలుసనే కోర్టు భావించాలని 8(సి) చేర్చారు. ఊళ్లో ఎవరి కులం ఎవరికి తెలియదు? రుజువు భారం సగానికి సగం తగ్గింది. ఆ కేసులో నేరం 2011 నాటిది కాబట్టి సవరణ పనికిరాలేదు.

ఒక్క మాట మార్చితే అయ్యే పనికి కొత్త చట్టం ఎందుకండీ? చుండూరునే తీసుకోండి. 1991లో 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చావు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిలో అన్నది ప్రాసిక్యూషన్ తేల్చలేదంది. అక్కడ లోటు దర్యాప్తులో ఉంది. శిక్ష రెట్టింపు చేస్తే ఆ లోటు పూడుతుందా?

గెజిట్_పురుగు:
ఇద్దరూ చట్టం ఎలా ఉండాలో మాట్లాడుతున్నారు. అసలు అది పుడుతుందా లేదా అన్నది మర్చిపోయారు.

క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలో మొదటి అంశం. రాష్ట్రం చేయొచ్చు. కానీ కేంద్ర చట్టంతో ఢీకొంటే రాజ్యాంగం 254(1) ప్రకారం ఢీకొన్న మేరకు రాష్ట్ర చట్టం చెల్లదు. గట్టెక్కాలంటే 254(2) కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. అంటే గవర్నరు బిల్లును 200వ అధికరణం కింద రాష్ట్రపతికి రిజర్వు చేయాలి. అక్కడ గడువు లేదు. గడువులు పెడుతూ 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసు తీర్పు వచ్చింది గానీ, కోర్టులు అలా గడువులు విధించలేవని అదే ఏడాది నవంబరు 20న రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయం చెప్పింది.

అత్యాచార కేసులకు తెచ్చిన దిశ బిల్లు గుర్తుందా? 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆమోదించింది. 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు అన్నారు. కేంద్రం నుంచి అభ్యంతరాలు వస్తే 2020 డిసెంబరులో మార్చి మళ్లీ ఆమోదించారు. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. దిశ పేరుతో స్టేషన్లు వచ్చాయి, యాప్ వచ్చింది, చట్టం రాలేదు. చట్టం అమల్లో ఉందనే ఇప్పటికీ చాలామంది అనుకుంటారు.

మూక దాడుల బిల్లులదీ అదే దారి. 2018 జులైలో తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు ప్రత్యేక నేరంగా చట్టం చేయమని పార్లమెంటుకు సూచించింది. మణిపుర్ ఆ ఏడాదే బిల్లు ఆమోదించింది. రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ 2019లో బిల్లులు ఆమోదించాయి, అవి అక్కడే ఆగాయి. ఝార్ఖండ్‌ది మరీ విచిత్రం. 2021 డిసెంబరులో ఆమోదిస్తే మరుసటి ఏడాది గవర్నరు వెనక్కి పంపారు. మూక అంటే ఇద్దరు లేదా అంతకు మించి అన్న నిర్వచనం మీద ఒక అభ్యంతరం, హిందీ ప్రతికీ ఇంగ్లిష్ ప్రతికీ తేడాలున్నాయని ఇంకొకటి. అనువాదం సరిచూసే ఒక్క మనిషి లేక బిల్లు ఆగింది! తెలుగులో ముసాయిదా రాసి హడావుడిగా ఇంగ్లిష్ చేసే చోట ఇది రాసి పెట్టుకోవాల్సిన విషయం. 348 ప్రకారం ప్రామాణికం ఇంగ్లిష్ పాఠమే.

ఇంకో గొయ్యి. రాష్ట్రపతికి పంపే లేఖలో 'ఆమోదం కోరుతున్నాం' అని రాసి ఊరుకుంటే చాలదు. ఏ కేంద్ర చట్టంతో, ఏ నిబంధనతో ఢీకొంటుందో చెప్పి దానికే ఆమోదం అడగాలి. చెప్పనిదానికి ఆ ఆమోదం రక్షణ ఇవ్వదని 2002లో కైసర్-ఇ-హింద్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. న్యాయ సంహిత పేరు రాసి, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత పేరు మర్చిపోయారనుకోండి. శిక్ష నిలుస్తుంది, బెయిలు నిబంధన కొట్టుకుపోతుంది.

కట్టె_కొట్టె_తెచ్చె:
అయితే 2040లో కలుద్దాం.

పావని.డి:
గెజిట్ గారు చెప్పింది నిజమే గానీ దాన్ని వద్దనడానికి వాడుకోకూడదు. ఆగిపోయిన బిల్లుల్లో ప్రతిదీ పెద్ద పెద్ద కోరికలతో వెళ్లింది. చిన్నగా వెళ్తే వేరు.

స్టేషన్‌కు ఎక్కువగా వచ్చే కేసు ఏది? హత్య కాదు. చెంపదెబ్బ, గడ్డం లాగడం, పిలక లాగడం, దూషించి తోసేయడం. అది న్యాయ సంహిత 115(2), ఏడాది జైలు లేదా 10 వేల జరిమానా లేదా రెండూ, నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసు దర్యాప్తు చేయలేడు. ఎస్‌ఐ ఎఫ్‌ఐఆర్ కట్టడు, సురక్షా సంహిత 174 కింద డైరీలో రాసుకుని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమంటాడు. కట్టలేడు కూడా.

ఇప్పుడు శిక్ష రెట్టింపు అని చట్టం చేశారనుకోండి. రెండేళ్లవుతుంది. కేసు ఎక్కడికీ కదలదు. ప్రత్యేక చట్టాల నేరాలకు నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూల్ రెండో భాగం వర్తిస్తుంది. 3 ఏళ్ల లోపు శిక్షైతే నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్. గరిష్ఠం 3 ఏళ్లు తాకితేనే కాగ్నిజబుల్. 'రెట్టింపు' వినడానికి బాగుంటుంది, పనిచేసేది '3 ఏళ్ల దాకా' అన్న అంకె. లేదా కాగ్నిజబుల్ అని చట్టంలోనే రాయాలి.

వాయిదా గారికి ఒక మాట. శిక్ష పెరగకపోయినా చట్టం పనిచేస్తుంది. ఎస్సీ, ఎస్టీ చట్టం 3(2)(va) చూడండి. మూల నేరానికి ఎంత శిక్షో అంతే. కానీ ఆ సెక్షన్ పడగానే ప్రత్యేక కోర్టు, డీఎస్పీ దర్యాప్తు, ముందస్తు బెయిలు నిషేధం, 15ఎ కింద సాక్షుల హక్కులు, పరిహారం అన్నీ వస్తాయి. హత్యకు 8.25 లక్షలు, సగం పోస్టుమార్టం అయ్యాక, సగం ఛార్జిషీటు కోర్టుకు పంపాక. మతం వల్లో వైకల్యం వల్లో హత్యకు గురైన వాళ్ల ఇంటికి ఈ ఏర్పాటు లేదు.

కర్ణాటక నమూనాలో నాకు నచ్చనిది ప్రసంగాన్నీ నేరాన్నీ ఒకే బిల్లులో కట్టేయడం. దెబ్బ ఎప్పుడూ నేరమే, కారణం చేరితే బరువు పెరుగుతుంది. మాటకు అలాంటి మూల నేరం లేదు, కాబట్టి ప్రతి నిర్వచనమూ భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) ముందు నిలబడాలి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో ఐటీ చట్టం 66ఎ కొట్టుకుపోయింది అస్పష్టత వల్లే. ప్రసంగం భాగం మీద స్టే వస్తే రెండోదీ దానితో కూరుకుపోతుంది. విడి బిల్లులు పెట్టండి.

వాయిదా_మళ్లీ:
ప్రసంగం విడదీయడానికి నేను రెండు చేతులూ ఎత్తుతాను. 196కి ఎలాగూ సురక్షా సంహిత 217 కింద ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు కాగ్నిజెన్స్ తీసుకోదు, అంటే కేసును విచారణకు స్వీకరించదు. అధికారంలో ఉన్నవాళ్ల మనిషి మాట్లాడితే ఫైలు కదలదు, అవతలివాడైతే నాలుగు రోజుల్లో వస్తుంది. కొత్త చట్టంలో అనుమతి పెడితే ఇదే కథ, తీసేస్తే వీధికో ఫిర్యాదు. మంచి జవాబు ఎవరి దగ్గరా లేదు.

కానీ నేరం భాగానికి డీఎస్పీ దర్యాప్తు అని రాసేముందు ఆలోచించండి. ఎస్సీ, ఎస్టీ నిబంధనల్లో రూలు 7 అదే. సగం దర్యాప్తు ఎస్‌ఐ చేసి డీఎస్పీ సంతకం పెట్టిన కేసుల్లో డిఫెన్సు మొదట పట్టుకునేది ఆ తప్పే. తహసీల్దారు ఇచ్చే కులధ్రువీకరణ ఫైల్లో లేకపోవడం రెండోది. మతానికి ధ్రువీకరణ ఎవరిస్తారు?

ముసాయిదా:
సరే, దిగొస్తున్నాను. ఒకే సెక్షన్, ప్రసంగం లేకుండా:

'న్యాయ సంహితలోని గాయం, తీవ్రగాయం, అక్రమ నిర్బంధం, ఆస్తి ధ్వంసం నేరాల్లో ఏదైనా చేసినవాడు, (ఎ) నేరం చేసేటప్పుడు గానీ, దానికి వెనువెంటనే ముందు లేదా తర్వాత గానీ బాధితుడి మతం, కులం, భాష, పుట్టిన చోటు, లింగం, లైంగికత లేదా వైకల్యం పట్ల విద్వేషం వ్యక్తపరిచినా, (బి) ఆ విద్వేషంతో పూర్తిగా గానీ పాక్షికంగా గానీ నేరం చేసినా, మూల నేరానికి ఉన్న శిక్ష లేదా 3 ఏళ్లు, రెండింటిలో ఎక్కువైనంత దాకా జైలు. నేరం కాగ్నిజబుల్.'

బ్రిటన్‌లో 1998 నుంచి ఉన్న చట్టం పద్ధతి ఇది. మనసులో ఏముందో తవ్వక్కర్లేదు, నోట్లోంచి వచ్చింది చాలు.

గెజిట్_పురుగు:
'పాక్షికంగా' ఉండాల్సిందే. అది లేకపోతే భూమి తగాదా కూడా ఉంది కదా అని ప్రతి కేసూ జారిపోతుంది. రాష్ట్రపతికి పంపే లేఖలో న్యాయ సంహిత 115, 117, 126, 127, 324, సురక్షా సంహిత మొదటి షెడ్యూల్ పేర్లు విడివిడిగా రాయండి.

వాయిదా_మళ్లీ:
(ఎ)లో 'వెనువెంటనే' ఉంది. కొన్ని గంటల ముందు పెట్టిన వాట్సాప్ స్టేటస్ అందులో పట్టదు, (బి)కి పోవాలి. అక్కడ స్క్రీన్‌షాట్ ప్రింటు చాలదు. సాక్ష్య అధినియం 63(4) ధ్రువపత్రం రెండు భాగాలూ ఉండాలి, ఫోను ఇచ్చినవాడిది ఒకటి, నిపుణుడిది ఒకటి, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్) సహా. ఫోను సీజ్ చేసిన రోజే తీయకపోతే స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది.

పావని.డి:
'బాధితుడి మతం' దగ్గర ఆగండి. టోపీ చూసి ముస్లిమనుకుని కొట్టారు, అతను కాదు. మీ సెక్షన్ ప్రకారం బాధితుడి మతం పట్ల విద్వేషం లేదు, కేసు పోయింది. వేరే మతం స్నేహితుడితో కూర్చున్నాడని కొట్టినా అంతే. 'బాధితుడికి ఉన్న, లేదా ఉందని నిందితుడు భావించిన, లేదా బాధితుడితో సంబంధం ఉన్న వ్యక్తికి ఉన్న' అని మార్చండి. వాయిదా గారు అడిగిన ధ్రువీకరణ గొడవ కూడా దాంతోనే పోతుంది. నిందితుడు ఏమనుకున్నాడో రుజువు చేస్తే చాలు, బాధితుడు నిజంగా ఎవరో చూపించక్కర్లేదు.

ముసాయిదా:
మార్చాను. 'సంబంధం ఉన్న వ్యక్తి' అంటే ఎవరో నిర్వచనం ఎవరు రాస్తారు?