క్వింటాల్ కన్వర్టర్: చుక్క నిలవదు, గడి తుడిస్తే ప్రోగ్రామ్ మూతపడుతుంది

ప్రశ్న (కర్నూలు):
యార్డులో ఉల్లి కమీషన్ అంగడికి డబ్ల్యూపీఎఫ్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌ల తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ సాధనం) బిల్లింగ్ రాస్తున్నాను. డేటాబేస్‌లో తూకం కిలోల్లో, డెసిమల్‌గా ఉంది. తెర మీద క్వింటాళ్లు కావాలి. కన్వర్టర్‌లో రెండు భాగాలు: తెరకు పంపే కన్వర్ట్‌లో 100తో భాగించి, గడిలో కొట్టింది వెనక్కు తీసుకునే కన్వర్ట్‌బ్యాక్‌లో పార్స్ చేసి (రాతను అంకెగా మార్చి) 100తో గుణిస్తున్నాను. గడిని డేటాతో కలిపే బైండింగ్ టూవే, ట్రిగ్గర్ ప్రాపర్టీచేంజ్డ్ (ఒక్కో అక్షరం కొట్టగానే డేటా మారుతుంది). 12.5 కొట్టాలంటే 12 తర్వాత చుక్క పడదు. గడి ఖాళీ చేస్తే ప్రోగ్రామే మూతపడుతుంది. మొత్తం 12,34,567 రావాల్సింది 1,234,567 అని వస్తోంది, విండోస్‌లో ఇండియా సెట్టింగే ఉన్నా.

జవాబు (అనంతపురం):
అన్నా, "12." కొట్టగానే కన్వర్ట్‌బ్యాక్ దాన్ని 1200 కిలోలు చేస్తుంది. ఆ వెంటనే కన్వర్ట్ 1200ను "12" చేసి గడిలో తిరిగి పెడుతుంది, చుక్క పోతుంది. డాట్‌నెట్ 4.5 నుంచి ఇదే తీరు. ట్రిగ్గర్ తీసేయండి. టెక్స్ట్‌బాక్స్‌కు డిఫాల్ట్ లాస్ట్‌ఫోకసే, అంటే గడి వదిలి వేరేచోటికి పోయినప్పుడే డేటా మారుతుంది.

మూతపడేదానికి కారణం పార్స్, ఖాళీ గడిని అంకెగా మార్చలేక ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే తప్పు) లేపుతుంది. కన్వర్టర్‌లో లేచిన ఎక్సెప్షన్‌ను బైండింగ్ పట్టుకోదు. వ్యాలిడేట్స్‌ఆన్‌ఎక్సెప్షన్స్ పెట్టినా ఉపయోగం లేదు, అది ప్రాపర్టీ సెట్టర్‌లో వచ్చేవాటికి. ఎక్సెప్షన్ లేపకుండా కుదిరిందో లేదో చెప్పే ట్రైపార్స్ వాడి, కుదరకపోతే డిపెండెన్సీప్రాపర్టీ.అన్‌సెట్‌వాల్యూ తిప్పి పంపండి. గడి చుట్టూ ఎర్ర గీత వస్తుంది, పాత తూకం చెడదు. బైండింగ్.డూనథింగ్ పంపితే ఎర్ర గీత రాదు, గుమాస్తాకు తప్పు పడిందని తెలియదు. బిల్లుల్లో అది వద్దు.

జవాబు (కడప):
ట్రైపార్స్‌కు నంబర్‌స్టైల్స్.నంబర్ మాత్రం ఇవ్వొద్దు. అది కామా ఎక్కడ పడిందో చూడదు. చుక్కకు బదులు కామా పడి "12,50" అయితే 1250 క్వింటాళ్లుగా చదువుకుంటుంది, అంటే 1,25,000 కిలోలు! అలోడెసిమల్‌పాయింట్ ఒక్కటే ఇవ్వండి. అప్పుడు కన్వర్ట్ కూడా కామాలు లేకుండా "0.###" ఫార్మాట్‌లో ఇవ్వాలి, లేకుంటే తను చూపించిన అంకెను తనే తిప్పికొడుతుంది. రెండు దశాంశాలతో ఆపితే అర కిలో తప్పుతుంది: 1257.5 కిలోలు 12.58గా కనబడతాయి.

లక్షల కామా సంగతి: బైండింగ్ విండోస్ సెట్టింగ్ చూడదు. ఎలిమెంట్ లాంగ్వేజ్ ప్రాపర్టీ చూస్తుంది, అది మొదట అమెరికా ఇంగ్లీషే. ఆ ఒక్క బైండింగ్‌కైతే కన్వర్టర్‌కల్చర్ (అంకెలు ఏ దేశపు తీరులో రాయాలో చెప్పేది) "ఈఎన్-ఐఎన్", అంటే ఇండియా ఇంగ్లీషు, చాలు. ప్రోగ్రామ్ అంతటికీ కావాలంటే మొదటి విండో తెరవకముందే ఫ్రేమ్‌వర్క్‌ఎలిమెంట్ లాంగ్వేజ్‌ప్రాపర్టీకి డిఫాల్ట్ మార్చే ఓవర్‌రైడ్‌మెటాడేటా ఒకసారి పిలవండి. కన్వర్టర్ లోపల కూడా చేతికొచ్చిన కల్చర్‌నే వాడాలి.

ప్రశ్న వేసినవారు:
మూడూ కుదిరినాయి. కానీ తూకం కొట్టి ఎంటర్ నొక్కితే పాత తూకమే సేవ్ అవుతోంది.

జవాబు (అనంతపురం):
సేవ్ బటన్‌కు ఈజ్‌డిఫాల్ట్ (ఎంటర్ కొడితే ఆ బటన్ నొక్కినట్టే) పెట్టి ఉంటారు. ఎంటర్ కొడితే ఫోకస్ గడిలోనే ఉంటుంది కాబట్టి లాస్ట్‌ఫోకస్ జరగదు. టూల్‌బార్‌లోని బటన్‌తోనూ ఇదే తంటా. సేవ్ మొదట్లోనే ఆ గడి గెట్‌బైండింగ్‌ఎక్స్‌ప్రెషన్ తీసుకొని, గడిలోది డేటాలోకి పంపే అప్‌డేట్‌సోర్స్ పిలవండి, ఆ వెంటనే వ్యాలిడేషన్.గెట్‌హాజ్‌ఎర్రర్ చూడండి. ఎర్ర గీత ఉంటే బిల్లు రాయనీయకండి.