తుపాను డబ్బు: బీమాకు కట్టాలా, డ్రెయిన్లు తవ్వించాలా?

గోదారి గట్టు:
2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాది కోనసీమ, అక్కడికి చాలా దూరం. మాకు గాలి పెద్దగా లేదు, వానే. నాలుగెకరాలు కోయించాం, పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. మూడో రోజు మోకాలి లోతు నీళ్లలో దిగి ఒక పన పైకి తీస్తే వెన్నులకి తెల్లగా మొలకలు. మా చేనుకీ ఊరి డ్రెయిన్‌కీ (పొలాల నీరు బయటికి పోయే కాలువ) మధ్య రెండు పొలాలే అడ్డం. డ్రెయిన్ నిండా గుర్రపు డెక్క. వాన తగ్గాక కూడా ఐదు రోజులు నీరు లాగలేదు. మిగిలిన ధాన్యం రంగు మారిందని మిల్లులో బస్తాకి కిలోల లెక్కన తరుగు తీశారు.

అప్పటి కేంద్రం నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న పంటకి సాయం హెక్టారుకు 17,000. ఎకరానికి 7 వేలు కూడా పడేది కాదు.

వాతావరణం మారుతోంది, ఇలాంటి వానలు ఇంకా పెరుగుతాయి అంటున్నారు. అలాంటప్పుడు ప్రభుత్వం ముందుగా డబ్బు దేనికి పెట్టుకోవాలి? బీమా ప్రీమియానికా, డ్రెయిన్ల పూడికతీతకా? నా ఓటు డ్రెయిన్లకే. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

పద్దు పుస్తకం:
అన్నా, మీ నష్టం చదివితే బాధేసింది. అయినా నేను బీమా వైపే, అంటే రైతు కట్టేది కాదు, రాష్ట్రం తన ఖజానా కోసం కట్టుకునేది. నా పని లెక్కలు చూడడం, కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

ఇప్పుడున్న ఏర్పాటు ఇదీ: ప్రతి రాష్ట్రానికీ విపత్తు నిధి ఉంటుంది. మన రాష్ట్రాల్లో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా అన్ని రాష్ట్రాలకీ కలిపి 1,60,153 కోట్లు లెక్కగట్టింది. చిన్న వరదకి ఇది సరిపోతుంది. 2014 నాటి హుద్‌హుద్ తుపాను లాంటిది వచ్చిందంటే ఆ ఏడాది నిధి చాలదు. అప్పుడు ఢిల్లీకి లేఖ, కేంద్ర బృందం పర్యటన, నివేదిక, ఎదురుచూపు. ఈలోపు రాష్ట్రం రోడ్లకో బడులకో పెట్టుకున్న డబ్బు ఇటు మళ్లిస్తుంది, లేదంటే అప్పు చేస్తుంది. హుద్‌హుద్‌కి విశాఖ దెబ్బతిన్నాక పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు దగ్గర అప్పు తీసుకున్నారు.

2004లో ఐవాన్ తుపాను గ్రెనడా అనే చిన్న దీవిని తుడిచిపెట్టింది. ఒక్క రోజులో జరిగిన నష్టం ఆ దేశ ఏడాది ఆదాయానికి దాదాపు రెట్టింపు. ఆ అనుభవంతో 2007లో కరీబియన్ దేశాలు కలిసి ఒక ఉమ్మడి బీమా పెట్టుకున్నాయి. నష్టం లెక్క తేలేదాకా ఆగక్కర్లేదు. గాలి వేగమో వాన కొలతో ముందు రాసుకున్న గీత దాటితే, రెండు వారాల్లో ఖజానాకి డబ్బు పడుతుంది. మన దగ్గర నాగాలాండ్ 2021లో ఇలాంటిదే మొదలుపెట్టింది. పాత లెక్క ప్రకారమే 974 కిలోమీటర్ల తీరం ఉన్న ఆంధ్రకి ఇది లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

సింగ్‌నగర్ మూడో వీధి:
ఆ గీత దాటకపోతే?

2024 సెప్టెంబరు 1 తెల్లారేసరికి మా వీధిలో నడుం లోతు నీళ్లు, మధ్యాహ్నానికి కింది అంతస్తు మునిగింది. అప్పుడు బెజవాడలో తుపాను గాలి లేదు. బుడమేరు మళ్లింపు కాలువకి గండ్లు పడ్డాయి, నీళ్లన్నీ ఊళ్లోకి వచ్చాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకుముందెన్నడూ లేనంత. గాలి వేగం చూసి డబ్బిచ్చే బీమా ఉండి ఉంటే మాకు పైసా వచ్చేది కాదు.

ప్రభుత్వం కింది అంతస్తు వాళ్లకి 25,000, పై అంతస్తుల వాళ్లకి 10,000 ఇచ్చింది. ఆ పూట అది ఆదుకుంది, కాదనను. మా అమ్మ మాత్రం ఫ్రిజ్ పోయిందని ఏడవలేదు. బీరువా అడుగున నాన్న ఫొటోలన్నీ బురదలో అంటుకుపోయాయి, ఒక్కొక్కటీ విడదీస్తుంటే బొమ్మ చేతికి ఊడొచ్చింది. ఏ బీమాతో తెస్తారు అవి? గట్టు ముందే గట్టి చేసి ఉంటే ఆ సాయమూ అక్కర్లేదు, ఆ ఏడుపూ లేదు.

కౌలు బతుకు:
మీరిద్దరూ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో మాట్లాడుతున్నారు. ఎవరికి చేరుతుందో కూడా చూడండి. నేను చేసేది కౌలు. కౌలు కార్డు కావాలంటే భూమి ఆసామి సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు, భూమి ఎక్కడ పోతుందోనని భయం. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం చేసే పంట నమోదులో, ఆయన పేరే ఉంటుంది. బీమా వచ్చినా సాయం వచ్చినా ఆయన ఖాతాకే. నాకు చేరేది ఒక్కటే, డ్రెయిన్ బాగుంటే దిగిపోయే నీళ్లు. వాటికి కార్డు అక్కర్లేదు.

పద్దు పుస్తకం:
కౌలు బతుకు గారూ, మీ మాటకి నా దగ్గర జవాబు లేదు. బీమా డబ్బు ఖజానాకి త్వరగా వచ్చినంత మాత్రాన మీకు చేరదు, ఒప్పుకుంటున్నాను.

సింగ్‌నగర్ గారూ, గాలికి బదులు వాన కొలతో నది మట్టమో పెట్టుకోవచ్చు. అయినా గండి పడడం ఏ కొలతకీ అందదు. సరే, ఒక సంగతి చూడండి. ఆర్థిక సంఘం ఆ నిధిలో 80 శాతం సాయానికి, 20 శాతం మాత్రమే ముప్పు ముందే తగ్గించే పనులకి కేటాయించింది. మీ వాదనంతా ఆ 20 పెంచమనే అయితే నేనూ మీతోనే.

ఏరువాక:
ఖర్చు లేని దారి ఒకటి ఎవరూ ఎత్తలేదు. 2022లో గోదావరి డెల్టాకి జూన్ 1నే నీళ్లు వదిలారు. నవంబరు తుపాన్ల కంటే ముందే కోతలు అవ్వాలని. పంట కాలం ముందుకి జరిపితే సగం గొడవ తీరుతుంది.

గోదారి గట్టు:
ఏరువాక గారూ, మంచి ఆలోచనే. మేం ఆ ఏడాది ఆశగానే చూశాం. కానీ ముందు నారు పోస్తే, జులై వానలకి నాట్లు మునుగుతాయి. మునిగిన నీరు దిగాలంటే మళ్లీ డ్రెయినే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, 2022లో మళ్లీ అదే మాట. గిట్టుబాటు ధర ఒక కారణం, పూడిపోయిన డ్రెయిన్లు ఇంకో కారణం. ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాం.

పద్దు పుస్తకం గారి మాటలు రాత్రంతా ఆలోచించాను. విశాఖ మీదికి వచ్చినంత గాలి వస్తే డ్రెయిన్ ఏం చేస్తుంది? కరెంటు స్తంభాలు, కొబ్బరి చెట్లు పడతాయి. అలాంటి దానికి బీమా ఉండాల్సిందే, నా ఓటు అంతవరకు మార్చుకుంటున్నాను. ఏటా వచ్చే ముంపుకి మాత్రం బీమా కట్టడం అంటే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

డబ్బు ఎక్కడిదంటారా? 1960ల్లో డెల్టా మునిగాక, ముంపు ఎలా తగ్గించాలో చూడమని మిత్రా కమిటీ వేశారు. 1968లో కృష్ణా గోదావరి డెల్టాలకి డ్రైనేజీ సెస్సు చట్టమే తెచ్చారు. మా తాతయ్య ఎకరాకి ఇంత అని కట్టి రసీదు దాచేవాడు. ఇవాళ కూడా కడతాం, మూడు షరతుల మీద. ఆ డబ్బు వేరే పద్దుకి మళ్లకూడదు. ఏ డ్రెయిన్ ఏ నెలలో ఎన్ని కిలోమీటర్లు తవ్వారో పంచాయతీ గోడ మీద రాయాలి. కౌలు రైతు దగ్గర వసూలు చేయకూడదు.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేసినప్పుడే తవ్వకానికి అదను. ఎవరి ఊళ్లో అయినా పూడిక తీసే మిషన్ దిగితే ఇక్కడ చెప్పండి, ఎన్ని రోజులు పనిచేసిందో కూడా రాయండి.