1974 అంబాసిడర్‌కు ఏ ఇంజన్ బ్లాక్? పాత 1489 సీసీదా, ఇసుజు 1.8 లీటర్‌దా?

ప్రశ్న (దేవరకొండ):
మా నాన్నగారు 1974లో కొత్తగా కొన్న మార్క్ 2 అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. బాడీకి తుప్పు లేదు, ఆర్‌సీ సరిగానే ఉంది. ఇంజన్ మాత్రం నీలిపొగ కక్కుతూ ఆయిల్ తాగేస్తోంది. బోర్లు (పిస్టన్లు ఆడే సిలిండర్ రంధ్రాలు) ఇదివరకే రెండుసార్లు పెంచారని, ఈ బ్లాక్ (సిలిండర్లున్న పోత ఇనుప దిమ్మ) ఇక పనికిరాదని హెడ్ (బ్లాక్ పైమూత) విప్పిన మేస్త్రీ అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక కాంటెస్సా కారు తాలూకు 1.8 ఇసుజు ఇంజన్ అమ్మకానికి ఉంది. అది బిగించనా, మరో 1489 సీసీ బ్లాక్ వెతకనా? డిండి మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కించాలని నా కోరిక.

జవాబు (మిర్యాలగూడ, లేత్ పని):
తమ్ముడూ, ఆ మేస్త్రీ బోర్ గేజ్ పెట్టి కొలిచారో లేదో ముందు అడుగు. దీని అసలు బోరు 2.875 అంగుళాలు. రెండుసార్లు పెంచినా గోడ పగలకపోతే స్లీవులు (బోరు లోపల దించే ఇనుప గొట్టాలు) దించి మళ్లీ స్టాండర్డ్ సైజుకు తేవచ్చు.

నేను బోరు కంటే ముందు నీటి దారి చూస్తాను. మన జిల్లా బోరుబావి నీళ్లు ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పోసిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. బ్లాక్ పక్కనున్న వెల్చ్ ప్లగ్గులు (నీటి దారి రంధ్రాలకు కొట్టిన రేకు బిళ్లలు) ఊడదీసి టార్చి వేసి చూడు. వెనక సిలిండర్ చుట్టూ తెల్లటి పెచ్చు రాయిలా గట్టిపడి ఉంటే ఇనుప తీగ కూడా దిగదు. వేడి అక్కడే నిలిచి హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య అతుకు) కాలిపోతుంది. పెచ్చు పూర్తిగా తీయించి, ఒత్తిడి పెట్టి పరీక్ష చేయించు. హెడ్ స్టడ్ల రంధ్రాల నుంచి బోరు వైపు పగులు కనిపిస్తే ఆ బ్లాక్ వదిలేయి. వెల్డింగ్ పెడతామంటారు, పోత ఇనుము మీద నేను దాన్ని నమ్మను.

జవాబు (జడ్చర్ల):
నా బండికి ఇసుజు వేయించాను. 1817 సీసీ, ఎత్తు మీద హాయిగా లాగుతుంది. కానీ పని బ్లాక్‌తో ఆగదండీ. అయిదు గేర్ల బాక్సు కూడా రావాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల వైపు తిరిగే కడ్డీ) పొడవు సరిచేసి బ్యాలెన్స్ చేయించాలి, గేరు లివర్ స్టీరింగ్ పక్క నుంచి నేల మీదికి వస్తుంది. బ్రేకులు చూసుకోకుండా ఘాటు ఎక్కవద్దు. తప్పదనుకుంటే కాంటెస్సాది వద్దు. 1990లలో కంపెనీయే ఇసుజు బిగించి అమ్మిన అంబాసిడర్‌ది వెతకండి. ఆ మౌంటింగులు (ఇంజన్‌ను నిలిపే పట్టీలు) ఈ బాడీ కోసం చేసినవే.

జవాబు (మిర్యాలగూడ):
ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌టీఓ అనుమతి లేకుండా ఇంజన్ రకం మార్చకూడదు. పైగా నీ బండికి యాభై ఏళ్లు నిండాయి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు బండి అసలు రూపంలో ఉండాలంటాయి. వింటేజ్‌గా నమోదైతే రోజువారీ తిరుగుడుకు వీలుండదు, అది వేరే సంగతి. అయినా ఆ అర్హతను చేజేతులా పోగొట్టుకోవడం నాకు మనసొప్పదు. వేరే 1489 కొన్నా ఇంజన్ నంబరు గీకేసిన బ్లాక్ ఊరికే ఇచ్చినా తీసుకోకు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, వెల్చ్ ప్లగ్గులు విప్పించాను. మీరు చెప్పినట్టే వెనక రెండు సిలిండర్ల చుట్టూ పెచ్చు ఉంది, పగులు మాత్రం కంటికి కనిపించలేదు. ఇసుజు ఆలోచన మానుకున్నాను. బ్లాక్ మీ దగ్గరికి తేవచ్చా?

జవాబు (మిర్యాలగూడ):
తీసుకురా. క్రాంక్, మెయిన్ బేరింగ్ క్యాపులు కూడా తే. ఈ ఇంజన్‌కు మెయిన్ బేరింగులు మూడే, జర్నళ్లు (బేరింగుల్లో తిరిగే క్రాంక్ భాగాలు) కొలవకుండా స్లీవులకు ఖర్చు పెట్టించను. క్యాపులు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టి విప్పమని మేస్త్రీకి చెప్పు.